తారగారి సంతకం, పాళీ మామయ్య చెయ్యి

ఆ వీధిలో పాళీ మామయ్య అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరుతో కరెంటు బిల్లు ఇచ్చే మనిషికి తప్ప ఎవరికీ పని పడలేదు. మేడమెట్ల కింద, బీరువా పట్టేంత జాగాలో ఆయన కొట్టు. ఫౌంటెన్ పెన్నులు బాగుచేస్తాడు. వంకరపోయిన పాళీని వేళ్ళ మధ్య పట్టుకుని, గోటి మీద గీసి చూసి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి, తుడిచి, మళ్ళీ గీసి, "ఇప్పుడు రాసి చూడండి" అంటాడు. ఈ రోజుల్లో సిరా పెన్నుతో రాసేవాళ్ళు ఎంతమంది ఉంటారని అడిగితే మాత్రం ముఖం చిట్లిస్తాడు. "రాయడం వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారో అంతమంది" అంటాడు. ఆ మాటకి నవ్వినవాళ్ళ పెన్ను ఆయన ముట్టుకోడు.

రెండు విషయాల్లో ఆయనకి గర్వం. ఒకటి అందరికీ చెబుతాడు, ఒకటి ఎవరికీ చెప్పడు.

చెప్పేది కూతురి గురించి. ఊరి నడిబొడ్డున ఉన్న వేలం హాల్లో ఆ అమ్మాయి సంతకాలు సరిచూసే ఉద్యోగం చేస్తోంది. పాతకాలపు నటులవీ పాటగాళ్ళవీ ఆటగాళ్ళవీ సంతకాలు అక్కడ వేలానికి వస్తాయి. వేలం పాడుకున్నవాళ్ళకి, తాము కొన్నది అసలుదో కాదో తేల్చుకోవడానికి కొంత గడువు ఇస్తారు. ఆ గడువులో సంతకాన్ని భూతద్దం కింద పెట్టి చూసి, ఔనంటే ఔనని, కాదంటే కాదని కాగితం రాసిచ్చేది ఈ అమ్మాయే. "ఎంత గొప్పవాళ్ళ సంతకానికైనా కింద మా అమ్మాయి సంతకం ఉంటేనే విలువ" అని కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ మామయ్య చెబుతాడు. కాకిపిల్ల కాకికి ముద్దు అని వాళ్ళు నవ్వుకుంటూ పోతారు. పోనివ్వండి. కాకి పిల్లని కాకి మెచ్చుకోకపోతే కోకిల పనిమాలా వచ్చి మెచ్చుకుంటుందా?

చెప్పనిది అంతకంటే పాతది. వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక సినిమా స్టూడియోలో ఉత్తరాల గుమాస్తా. ఆ రోజుల్లో తారగారంటే ఒక్కరే. మిగతావాళ్ళూ ఉన్నారు గానీ వాళ్ళ సంగతి వస్తే పేరు చెప్పాలి, ఈవిడని తారగారంటే చాలు. ఆవిడకి గోతాలకొద్దీ ఉత్తరాలు వచ్చేవి. ప్రతిదాంట్లోనూ ఒకటే కోరిక: మీ చేత్తో సంతకం చేసిన ఫోటో ఒకటి పంపండి. ఆవిడ పాపం షూటింగు అయ్యాక, ముఖానికి రంగు కూడా కడుక్కోకుండా కూర్చుని చేసేది. చేసి చేసి ఒకసారి మణికట్టు వాచి కట్టు కట్టించుకోవలసి వచ్చింది. ఆ వారంలోనే, గుమాస్తా ఊసుపోక చిత్తుకాగితం మీద ఆవిడ సంతకం గీస్తూ, వెనక ఆవిడే నిలబడి ఉన్న సంగతి చూసుకోలేదు. ఉద్యోగం ఊడిందనుకున్నాడు. ఆవిడ ఆ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, "నాకంటే నువ్వే బాగా చేస్తున్నావే" అంది. ఆ సాయంత్రం నుంచే ఫోటోల కట్టలు ఆయన బల్ల మీదికి రావడం మొదలైంది.

షరతు ఒక్కటే. "ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు. ఆ ఫోటోని గోడకి తగిలించుకుని మురిసిపోయేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మనసు కష్టపెట్టకు. నేను పోయాక కూడా" అంది తారగారు. గుమాస్తా మాట ఇచ్చాడు. పెళ్ళయ్యాక మాత్రం భార్యకి చెప్పక తప్పలేదు. సిరా ఆరడానికి ఇల్లంతా ఫోటోలు పరిస్తే, ఆవిడకి అడుగు తీసి అడుగు వేసే చోటుండేది కాదు మరి. తర్వాత తారగారు సినిమాలు మానేసింది, స్టూడియో మూతబడింది, గుమాస్తా మెట్లకింద పాళీల కొట్టు పెట్టుకున్నాడు. కూతురు పుట్టింది ఆ తర్వాతే కాబట్టి ఈ కథ ఆ పిల్లకి తెలియదు.

ఊరికే పోలిక తెస్తే గర్వం దేనికి? ఆ వేగం తెచ్చాడు, ఆ ఒంపు తెచ్చాడు. అన్నిటినీ మించి, సంతకం మధ్యలో ఒకచోట తారగారి పెన్ను చిటికెడంత ఆగేది, అక్కడ సిరా చిన్న చుక్కగా ఊరేది. సవాలక్షమంది చూసిన సంతకమే గానీ ఆ చుక్కని పట్టించుకున్నవాళ్ళు లేరు. ఆయన పట్టించుకున్నాడు. పెన్ను సరిగ్గా అక్కడే ఆపి, చుక్క ఊరనిచ్చి, మళ్ళీ కదిలించేవాడు. ఒకసారి తారగారే రెండు ఫోటోలు పట్టుకుని, వీటిలో నాది ఏదని ఆయన్నే అడిగింది. ఆ రోజు ఆయనకి అన్నం సయించలేదు, సంతోషంతో.

తారగారు పోయి కొన్నేళ్ళయింది. మనిషి పోయాక సంతకానికి గిరాకీ పెరగడం లోకంలో ఉన్నదే. ఒకరోజు సాయంత్రం కూతురు హాలు నుంచి వచ్చి, భుజాన సంచి తీయకుండానే కుర్చీలో కూలబడింది.

"ఏమైంది తల్లీ?" అన్నాడు మామయ్య.

"తారగారి ఫోటో మీద సంతకం నాన్నా. లాండ్రీలు నడిపే ఒకావిడ వేలంలో పాడుకుంది. మా పెద్దాయన చూసి అసలుదే అన్నారు. నేను కాదన్నాను."

పెద్దాయన అంటే హాల్లో ఆ అమ్మాయికి పని నేర్పిన మనిషి. ఆయన మాటకి ఎదురు చెప్పడం ఆ అమ్మాయికి ఇదే మొదటిసారి.

"ఎందుకు కాదన్నావు?"

"అదే చెప్పలేకపోతున్నాను. సిరా అప్పటిదే, ఫోటో అప్పటిదే. చేతిలో వణుకు లేదు. వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ చూసినప్పుడల్లా నా మనసు ఒప్పుకోవట్లేదు. మనసు ఒప్పుకోలేదని కాగితం మీద రాయలేం కదా." సంచిలోంచి ఆ సంతకాన్ని పెద్దది చేసిన ప్రింటు తీసింది. "సోమవారం ఓనరుగారు అందర్నీ కూర్చోబెడతానన్నారు. ఎందుకు కాదో చూపించాలి. చూపించలేకపోతే నా మాట వెనక్కి తీసుకుని అసలుదేనని రాసివ్వాలి. అలా ఒకసారి రాసిచ్చాక ఇంక నా సంతకానికి విలువేముంది నాన్నా? ఆయన ఉద్యోగంలో ఉంచుకున్నా నేను ఉండలేను."

ప్రింటు తండ్రి చేతిలో పెట్టింది. చూడగానే ఆయనకి తెలిసిపోయింది. కన్నబిడ్డని సంతలో గుర్తుపట్టడానికి ఎంతసేపు కావాలి? అది తన చెయ్యి. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ముందు ఆయనకి కలిగింది దిగులు కాదు. అంతటి పెద్దాయన కూడా బోల్తాపడ్డాడు కదా అని లోపల్లోపల పొంగిపోయాడు. తర్వాత తలెత్తితే కూతురి ముఖం కనిపించింది. పొంగు చప్పున చల్లారింది.

"పెన్నుల సంగతి నీకు తెలుసుగా నాన్నా. నీకేమనిపిస్తోంది?"

"పాళీ మంచిదే" అని, ప్రింటు బల్ల మీద పెట్టి, మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి జారుకున్నాడు.

అక్కడ భార్య గిన్నెలు తుడుస్తోంది. చెవులు మాత్రం ముందుగదిలోనే ఉన్నాయి. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీ కూతురు అప్పుడే సగం పట్టేసింది" అంది.

"మెల్లగా. వింటుంది."

"విననివ్వండి. మీరు చెప్పేస్తే పోయేదానికి ఆ పిల్ల ఎందుకు బుర్ర బద్దలు కొట్టుకోవాలి?"

"మాట ఇచ్చాను కదే."

"ఇచ్చారు. కాదన్లేదు. కానీ మీకు అడ్డం మాట ఒక్కటే కాదు." ఆవిడ గిన్నె బోర్లించి మొగుడి వైపు తిరిగింది. "ఇన్నేళ్ళూ ఎవరికీ దొరకలేదన్న మిడిసిపాటు మీది. ఇప్పుడు ఆ పిల్లకీ దొరక్కపోతే బాగుండునని మీకు లోపల ఒక మూల ఉంది. లేదని నా ముఖం చూసి చెప్పండి."

మామయ్య మంచినీళ్ళు తాగడం కూడా మరిచిపోయి వచ్చేశాడు. పెళ్ళాం ఉన్న మగవాణ్ణి పరీక్షించడానికి వేరే భూతద్దాలు అక్కర్లేదు.

తర్వాతి రోజులు ఆయనకి బరువుగా గడిచాయి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చెబితే తారగారికి ఇచ్చిన మాట గంగలో కలిసినట్టే, చెప్పకపోతే కూతురి నోటితో తన అబద్ధాన్ని నిజమని అనిపించినట్టే. కొట్టులో ఒకాయన పెన్నుకి ఇంకొకాయన మూత బిగించి ఇచ్చి తిట్లు తిన్నాడు. ఇంట్లో కూతురు సెలవురోజు కూడా బల్ల ముందు నుంచి లేవకుండా, ఆ ప్రింటు పక్కన వేరే ప్రింట్లు పేర్చుకుని చూస్తూ, కాఫీ చల్లారిపోతే చల్లారిన కాఫీనే తాగుతోంది. ఆ వంగిన మెడ చూశాక ఆయన తేల్చుకున్నాడు. చచ్చి ఏ లోకాన ఉందో గానీ, తారగారు కోప్పడితే కోప్పడనీ. సోమవారం తనూ వెళ్తాడు. అందరి ముందూ ఒక తెల్లకాగితం అడిగి, పెన్ను తీసి, ఆ సంతకం పెట్టి చూపిస్తాడు. ఇక వాదనే ఉండదు.

"నేనూ వస్తా తల్లీ. నీ హాలు ఎప్పుడూ చూడలేదు" అన్నాడు. కూతురు వింతగా చూసింది గానీ సరేనంది. భార్య ఆయన మంచి చొక్కా తీసి ఇస్త్రీ చేసింది.

సోమవారం పొద్దున దారిలో కూతురు బస్ పాస్ మార్పించుకోవడానికి ఆగింది. కౌంటర్లో గుమాస్తా పాస్ మీద రాస్తూ రాస్తూ మధ్యలో తలెత్తి, ఫోటోలో ఉన్నది ఈ అమ్మాయేనా అని ముఖం చూసి, మళ్ళీ రాయసాగాడు. పాస్ చేతికొచ్చాక కూతురు అక్కడే నిలబడిపోయి దాన్నే చూస్తోంది. వెనకవాళ్ళు విసుక్కుంటున్నా కదలలేదు. తర్వాత తనలో తను నవ్వుకుంది. దిగులుతో పిల్లకి మతి తప్పుతోందని మామయ్య గాభరాపడ్డాడు. చెప్పెయ్యాలన్న పట్టు ఇంకా బిగిసింది.

హాలు వెనక ఉన్న గదిలో కూర్చోబెట్టారు. పొడుగాటి బల్ల మీద పచ్చగుడ్డ, దాని మీద మెడ వంచుకున్న దీపం, తెల్ల నూలు గ్లౌజులు, గోడకి బొమ్మలు పెద్దవి చేసి చూపించే తెర. ఓనరుగారు గడియారం చూసుకుంటున్నాడు. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. లాండ్రీ ఆవిడ, ఇస్త్రీ మడత నలగని బట్టల్లో, నిటారుగా కూర్చుంది. మామయ్య గోడవారగా ఉన్న కుర్చీలో సర్దుకున్నాడు. ఈయన లాండ్రీ ఆవిడతో వచ్చాడని ఓనరుగారు అనుకున్నాడు, ఈయన హాలు మనిషని లాండ్రీ ఆవిడ అనుకుంది. కూతురు తెర దగ్గర తీగలు కలపడంలో పడి, చెప్పడం మరిచిపోయింది.

"చెప్పమ్మా. ఎందుకు కాదంటున్నావు?" అన్నాడు ఓనరుగారు.

మామయ్య మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయాడు. ఆయన లేచి నిలబడేలోపే కూతురు మొదలుపెట్టింది. ఆ గొంతులో ఎక్కడా తడబాటు లేదు.

"ఇవి మూడూ తారగారి అసలు సంతకాలు. ఒకటి ఆసుపత్రి ప్రారంభోత్సవం నాటిది, ఒకటి సినిమా ఒప్పందం మీదది, ఒకటి రైల్లో ఎవరో చేయించుకున్నది. మూడూ మనుషుల ఎదుట చేసినవని సాక్ష్యం ఉంది." తెర మీద మూడు సంతకాలు వరసగా పడ్డాయి. "మధ్యలో ఈ చుక్క చూడండి. పెన్ను ఆగింది."

"ఆ చుక్క ఈ ఫోటో మీద కూడా ఉంది కదమ్మా. నేను ఔనన్నది దాన్ని చూసే" అన్నాడు పెద్దాయన.

"ఉందండీ. నేనూ ఇన్నాళ్ళూ అక్కడే ఆగిపోయాను. చుక్కనే చూశాను గానీ, పెన్ను ఎందుకు ఆగిందని అడగలేదు. ఇందాక బస్ పాస్ కౌంటర్లో తట్టింది. రాసే మనిషి తలెత్తి ఎదుటివాళ్ళని చూస్తే పెన్ను ఆగుతుంది. తారగారు సంతకం మధ్యలో తలెత్తి, చేయించుకునేవాళ్ళ ముఖం చూసేది. కళ్ళు కాగితం మీద లేవు కాబట్టి చెయ్యి కొంచెం పక్కకి పోతుంది. చుక్క తర్వాత గీత చూడండి. దీంట్లో కిందికి జారింది. దీంట్లో పైకి ఎగిరింది. రైల్లో చేసిందైతే బాగా పక్కకి పోయింది. మూడూ మూడు రకాలు." ఇప్పుడు నాలుగో సంతకం పడింది. "ఇది చూడండి. ఆగిన చోటు నుంచే, వెంట్రుకంత తేడా లేకుండా సాగింది. ఇక్కడ పెన్ను ఆగింది, ఆపాలి కాబట్టి. రాసినవాళ్ళ కళ్ళు కాగితం మీంచి లేవలేదు. ఎదురుగా చూడ్డానికి ఎవరూ లేరు."

మామయ్య లేవబోయినవాడు లేవబోయినట్టే ఉండి, మళ్ళీ కుర్చీలోకి జారాడు.

నిజమే. తారగారు తలెత్తేది. స్టూడియో గేటు దగ్గర, కారు కిటికీలోంచి, ఎక్కడైనా సరే, సంతకం చేస్తూ మధ్యలో తలెత్తి ఎదుటి మనిషిని ఒక్కసారి చూసేది. ఆయన పక్కనే ఉన్నాడు, ఎన్నోసార్లు. కానీ ఆయన చూసింది ఆవిడ చేతినే. చుక్క దొరికిందని సంబరపడ్డాడు గానీ, అది ఎందుకు పడుతోందని అడగలేదు. తలుపు మూసిన గదిలో, కట్టలుకట్టలుగా పేర్చిన ఫోటోల మీద, ముఖాలు తెలియని వేలమందికి అంత శ్రద్ధగా పెట్టిన ఆ చుక్కే ఆయన్ని పట్టిచ్చింది. ఒక్క క్షణం గుండెలో కలుక్కుమంది. ఇన్నేళ్ళ పనితనం కళ్ళముందే ఓడిపోయింది మరి. ఆ వెంటనే, ఓడించింది ఎవరో గుర్తొచ్చింది. తాడిదన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. ఆ తలదన్నే మనిషి తన ఇంట్లోనే, తన కొట్టులో పాళీలతో ఆడుకుంటూ పెరిగిందని తలుచుకునేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి. గెలిచిన రోజుల్లో కూడా ఆయన ఇంత ఆనందం ఎరగడు.

పెద్దాయన తెర దగ్గరికి వెళ్ళి నాలుగు సంతకాలనీ మళ్ళీ మళ్ళీ చూసి వచ్చాడు. "నాకు తట్టలేదమ్మా. ఈ రోజు నుంచి నేనూ అదే చూస్తాను" అన్నాడు.

లాండ్రీ ఆవిడ ఇంకా తెర వైపే చూస్తోంది. "నిజం" అంది మెల్లగా. "చిన్నప్పుడు స్టూడియో గేటు దగ్గర నేనూ చేయించుకున్నాను. ఇల్లు మారేటప్పుడు పోయింది. అది పోయిందనే ఇది పాడుకున్నాను. ఆవిడ రాస్తూ రాస్తూ ఆగి నా ముఖం చూసింది. అంతమందిలో నన్నే చూసింది. నాకు కావలసింది ఆ చూపున్న సంతకం." ఫోటోని బల్ల మీద ముందుకి జరిపింది. "ఇది మీరు వెనక్కి తీసుకోండి. ఏమ్మా, ఇంతకీ ఇది ఎవరో మోసగాడి పనా?"

"కాదండీ" అంది కూతురు. "మోసం చేసే చేతిలో భయం ఉంటుంది. గీత బిగుసుకుంటుంది. ఈ చేతికి భయం లేదు. ఈ సంతకమంటే ఎంతో గౌరవం ఉన్న మనిషి, ఆవిడకి తెలిసే చేశారని నా నమ్మకం. నిరూపించలేను కాబట్టి అది కాగితం మీద రాయను. ఆవిడ సంతకం కాదని మాత్రం రాస్తాను."

"అంతే రాయి. మళ్ళీ ఏది పాడినా ముందు నిన్ను అడిగే పాడతాను" అంది లాండ్రీ ఆవిడ. ఓనరుగారు గొంతు సవరించుకుని, కాగితం మీద ఆ అమ్మాయి సంతకం ఒక్కటే చాలని, పెద్దాయనది కూడా అక్కర్లేదని అన్నాడు.

లాండ్రీ ఆవిడ వెళ్ళడానికి లేచి, గోడవార కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్న ముసలాయన్ని చూసి ఆగింది. "ఇందాకట్నించీ చూస్తున్నా. మీరెవరండీ?"

మామయ్య లేచి నిలబడ్డాడు. జేబులో పెన్ను ఉంది. బల్ల మీద తెల్లకాగితాలున్నాయి. ఇప్పుడు చెబితే కూతురికి ఒరిగేదేమీ లేదు, పోయేదీ లేదు. ఆయనకే ఉంది. ఈ గదిలో ఉన్న వాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెడతారు, పెద్దాయన వచ్చి చెయ్యి పట్టుకుంటాడు, బతుకులో ఒక్కసారైనా ఆ పనికి తన పేరు చెప్పుకున్నట్టు ఉంటుంది. బల్ల అవతల కూతురు కాగితం రాయడం ఆపి తండ్రినే చూస్తోంది.

"అదిగో, ఇందాక మాట్లాడింది కదండీ" అన్నాడు పాళీ మామయ్య. "ఆ అమ్మాయి వాళ్ళ నాన్నని."